ప్రక్రియాతత్త్వమా, పరిణామవాదమా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా బడిలో. ఇంగ్లిషు తత్త్వవేత్త వైట్‌హెడ్ తత్త్వం మీద రాసిన వ్యాసానికి ‘పరిణామవాదం: విజ్ఞానం, ధర్మం’ అని పేరు పెడితే, మా మాస్టారు ‘పరిణామం’, ‘ధర్మం’ రెండూ మార్చమన్నారు. ఎందుకు?

సమాధానం: మీ మాస్టారు చెప్పింది సబబే. పరిణామవాదం అనగానే మామూలు పాఠకులకు డార్విన్, దర్శనాలు చదివినవారికి, మూలప్రకృతే మారుతూ జగత్తు అయిందనే సాంఖ్యం గుర్తుకు వస్తాయి. అసలు చిక్కు ఈ రెండో అర్థంతోనే. పరిణామానికి మన వ్యాఖ్యాతలిచ్చే దృష్టాంతం పాలు పెరుగు కావడం: రాత్రి తోడు వేసిన పాలు తెల్లారేసరికి గడ్డగా తోడుకున్నా, మారింది రూపమే గాని మూలద్రవ్యం కాదని వారి వాదం. వైట్‌హెడ్ 1929లో ‘ప్రాసెస్ అండ్ రియాలిటీ’లో కాదన్నది సరిగ్గా ఆ మూలద్రవ్యాన్నే. మార్పులన్నిటి అడుగున మారకుండా నిలిచే వస్తువేదీ లేదనీ, జరిగి ముగిసి తరువాతివాటికి చోటిచ్చే అనుభవఘటనలే వాస్తవమనీ, రాయి అన్నా మనిషి అన్నా అలాంటి ఘటనల కూర్పేననీ ఆయన ప్రతిపాదన. ఆ మాటకొస్తే ఇది సాంఖ్యం కన్నా ఏదీ క్షణానికి మించి నిలవదనే బౌద్ధుల క్షణికవాదానికి దగ్గర. కనుక ‘ప్రక్రియాతత్త్వం’ (ప్రాసెస్ ఫిలాసఫీ) అనండి. సమాసంలో ఆ దీర్ఘం తప్పనిసరి. సాహిత్యప్రక్రియ అన్న అర్థం సందర్భాన్నిబట్టి తొలగిపోతుంది.

ఇక ‘ధర్మం’. ఒడియాలో ‘ధర్మ’ అంటే మతమే; ‘మత’ అంటే అభిప్రాయం, అందుకే ఓటు వేయడం అక్కడ ‘మతదాన’. తెలుగులో ధర్మం న్యాయం, విధి, దానం, స్వభావం. పైగా మన సైన్సు పాఠాల్లో ‘లోహాల ధర్మాలు’ అంటే వాటి గుణాలు. విజ్ఞానం పక్కన ధర్మం అని చూస్తే తెలుగు పాఠకుడు పదార్థగుణాల గురించి అనుకోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివారికి వాడుక బలం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ తెలుగు వాడుక ‘మతం’. ‘శాస్త్రం’ ఒక్కటే రాస్తే ధర్మశాస్త్రమూ అందులోకి వస్తుంది కాబట్టి ‘విజ్ఞానశాస్త్రం’ అనండి.

ఈ స్పష్టత మీ విషయానికి చాలా అవసరం. భౌతికశాస్త్రం, దైవశాస్త్రం రెండూ చదివిన ఇయాన్ బార్బర్ విజ్ఞానశాస్త్రానికీ మతానికీ ఉండగల సంబంధాలను సంఘర్షణ, స్వతంత్రత, సంభాషణ, సమన్వయం అని నాలుగుగా విభజించి, ప్రక్రియాతత్త్వాన్ని నాలుగోదానిలో చేర్చారు. వైట్‌హెడ్ చెప్పే దేవుడు బయటినుంచి శాసించేవాడు కాడు, ప్రతి ఘటననూ మేలైన దిశకు ప్రేరేపిస్తూ దాని ఫలాన్ని తానూ అనుభవించేవాడు. అందువల్ల ప్రకృతినియమాలను పక్కకు నెట్టకుండానే దేవుడికి చోటు దొరికింది. దీన్ని రాసేటప్పుడు ‘దేవుడు సృష్టించాడు’ అని భూతకాలంలో ముగించకండి, ‘సృష్టి జరుగుతోంది, అందులో దేవుడూ పాలుపంచుకుంటున్నాడు’ అనండి.

మీ ఊళ్లో ఒడియా బడిలో చదివిన తెలుగు పిల్లలు కూడా ఈ వ్యాసం చదువుతారు కాబట్టి, ఒడియా ‘ధర్మ’నే తెలుగులో మతం అంటామని మొదటి పేరాలోనే ఒక వాక్యం చేర్చండి.