షియావోయావ్ సాన్ లాంటి చైనా మూలికల మందు డిప్రెషన్‌కి పనిచేస్తుందో లేదో ఎలుకల్లో ఎలా తేలుస్తారు?

బుప్లూరం, ఏంజెలికా, తెల్ల పియనీ, అతిమధురం, అల్లం వగైరా 8 దినుసుల కషాయం ఇది. ముందుగా 4 నుంచి 6 వారాలు ఎలుకల్ని రోజుకో రకం చిన్న ఒత్తిడికి గురిచేస్తారు: తడి పొట్టు, వంచిన బోను, రాత్రంతా లైటు. వరస మారుతూనే ఉండాలి, లేకపోతే అలవాటు పడిపోతాయి.

మోతాదు: మనిషికి కిలోకి ఇచ్చేదానికి ఎలుకకి (చిట్టెలుక కాదు, పెద్ద ఎలుక) సుమారు 6 రెట్లు, గొట్టంతో నేరుగా పొట్టలోకి. గొట్టం వేయడమే ఒక ఒత్తిడి. అందుకే మందు లేని గుంపుకీ అలాగే నీళ్లు పట్టాలి. పోలికకి ఫ్లూక్సెటిన్ (డిప్రెషన్‌కి మామూలుగా వాడే మందు) ఇచ్చే గుంపు ఒకటి తప్పనిసరి.

నాకు ఎక్కువ నమ్మకం చక్కెర పరీక్ష మీదే. ఒక సీసాలో 1% చక్కెర నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. దిగులుగా ఉన్న ఎలుకకి తీపి మీద ఆసక్తి తగ్గుతుంది. మధ్యలో సీసాల చోటు మార్చకపోతే ఎలుక ఒకవైపే తాగే అలవాటును తీపి ఇష్టంగా లెక్కేస్తాం. సీసా మూతి కారినా లెక్క చెడుతుంది.

ఎలుకని నీళ్లలో వదిలి, ఎంతసేపు ఈది ఎప్పుడు ఊరుకుంటుందో చూసే ఈత పరీక్ష ఒక్కటే చాలదు. కెఫీన్ లాంటి ఉత్తేజకం ఇచ్చినా ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది. ఖాళీ పెట్టెలో దాని మామూలు తిరుగుడు పెరగలేదని కూడా చూపాలి. లెక్కించేవాళ్లకి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు.

ఇక కషాయం. ప్రతి బ్యాచ్‌లో పియోనిఫ్లోరిన్ (తెల్ల పియనీలోని ముఖ్య పదార్థం) ఎంతుందో హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే పద్ధతి) కొలవకపోతే, రెండోసారి ఇచ్చింది అదే మందని చెప్పలేం.