పంచడమా, దానం చేయడమా?

సందేహం: సంపద కొద్దిమంది చేతుల్లోనే పోగుపడకూడదన్న విషయంపై వ్యాసం రాస్తూ, "ధనవంతులు తమ సంపదను పేదలకు పంచాలి" అన్నాను. ఒక మిత్రుడు 'పంచాలి' కొట్టేసి 'దానం చేయాలి' అని దిద్దారు. ఇంకొకరు 'పంపిణీ చేయాలి' అన్నారు. ఏది సరి? అలాగే 'అర్జన' రాయాలా, 'ఆర్జన' రాయాలా?

సమాధానం: 'పంచాలి' అన్న మాటను దిద్దనక్కర లేదు. నాకు అభ్యంతరమల్లా అదే వాక్యంలో ఉన్న 'తమ' గురించి.

పంచడమంటే అవతలివారికి వంతు ఉందని ఒప్పుకోవడం. అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటాం; అన్న తమ్ముడికి తండ్రి పొలంలో సగం దానం చేశాడని ఎవరూ అనరు. పంపకంలో తక్కువ వస్తే "నాకు అన్యాయం జరిగింది" అని తగవుకు పోవచ్చు. దానం చాలకపోతే మహా అయితే దాతను పిసినారి అనుకుంటాం, అంతకుమించి అడిగే హక్కు లేదు. దానం పుచ్చుకున్నవాడు కృతజ్ఞత చూపాలి, వంతు తీసుకున్నవాడు ఎవరికీ రుణపడడు. మీ మిత్రుడు మార్చింది ఒక్క క్రియే అయినా దాంతో మీ వాదమే తలకిందులైంది.

'పంపిణీ' ఈ తగాదాలో తలదూర్చదు. కరపత్రాలు పంపిణీ చేస్తాం, విద్యుత్తు పంపిణీ చేస్తాం. ఒకచోటి నుంచి పలుచోట్లకు చేరడమే దాని అర్థం. సంపద ఎలా పంపిణీ అయి ఉందో వర్ణించడానికి అది చక్కగా సరిపోతుంది, ఎవరికి చెందాలో వాదించడానికి చాలదు.

ఇది ఈనాటి చర్చ కాదు. వారసత్వంగా వచ్చే ధనాన్ని ధర్మశాస్త్రాలు 'దాయం' అన్నాయి; 'దాయాది'లో ఉన్నది ఆ మాటే. యాజ్ఞవల్క్యస్మృతికి 'మితాక్షర' వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు, యజమానితో ఉన్న సంబంధం కారణంగానే మరొకరి సొత్తయ్యే ధనం దాయమన్నాడు. ఆ నిర్వచనంలో ఇవ్వడమన్న ఊసే లేదు. ఆయన లెక్కలో తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు. 'దాయభాగం' రాసిన జీమూతవాహనుడు 'ఇవ్వబడేది' అన్న వ్యుత్పత్తితో మొదలుపెట్టి, తండ్రి స్వామ్యం పోయాకే కొడుకు హక్కు మొదలవుతుందన్నాడు. వ్యుత్పత్తి దగ్గర మొదలైన తేడా ఇంటి ఆస్తి దాకా పోయింది. మితాక్షర మార్గాన్ని 13వ శతాబ్దంలో 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చిన కేతనే 'ఆంధ్రభాషాభూషణం' అనే వ్యాకరణమూ రాశాడు. ధర్మమూ వ్యాకరణమూ ఒకే మనిషి చేతిలో కలవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. పుట్టుకతో వచ్చే హక్కును కొడుకుల దగ్గరే ఆపేయడం మాత్రం ఆ శాస్త్రాలు చేసిన అన్యాయం.

ఇక 'తమ' సంగతి. ఎలా వచ్చిందో తేలకుండా ఎలా ఇవ్వాలో తేలదు. మనుస్మృతి పదో అధ్యాయం ధర్మబద్ధమైన ధనాగమాలు ఏడని చెప్పింది: దాయం, లాభం (అంటే నిధిలా దొరికింది), క్రయం, జయం, ప్రయోగం (అంటే వడ్డీకివ్వడం), కర్మయోగం (అంటే పనిచేసి సంపాదించడం), సత్ప్రతిగ్రహం (అంటే మంచివారి నుంచి దానం పుచ్చుకోవడం). గెలిచి తెచ్చుకున్నదాన్ని ఈ రోజున ధర్మమని నేను ఒప్పుకోను. కానీ ధనం వచ్చిన దారిని ముందు అడగాలన్న పద్ధతి సరైనది. తెలుగు క్రియలూ ఆ దారిని దాచవు: సంపాదించాడు, కూడబెట్టాడు, దండుకున్నాడు, కాజేశాడు. మోసగాళ్లు కోట్లు 'ఆర్జించారు' అని వార్తల్లో చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కాజేసినదాన్ని కాజేశారనే రాయాలి.

వచ్చిన దారినిబట్టే ఇచ్చే క్రియ. ఒకరి కష్టార్జితమైతే 'దానం చేశారు' అనడం ఉచితం. పలువురి శ్రమ కలిసి పుట్టిన సంపద అయితే 'పంచాలి'. కాజేసినదైతే రెండూ కుదరవు, 'తిరిగి ఇచ్చేయాలి' అనాల్సిందే. మీ వ్యాసంలోని సంపద రెండో రకానిదైతే "అందరి శ్రమతో పుట్టిన సంపదను అందరికీ పంచాలి" అని రాయండి. 'ధనవంతులు', 'పేదలు' అన్న మాటల అవసరమే ఉండదు.

'ఆర్జన' విషయానికొస్తే, సంస్కృతంలో 'అర్జనం'. తెలుగులో 'ఆర్జన', 'ఆర్జించు' స్థిరపడ్డాయి, అవే రాయండి. స్వార్జితం, కష్టార్జితం సవర్ణదీర్ఘసంధి వల్ల ఎటూ దీర్ఘాలే. పితృ, అర్జితం కలిస్తే 'పిత్రర్జితం' కావాలి గానీ, వాడుక 'పిత్రార్జితా'న్నే నిలబెట్టింది.