గుర్రం ఎత్తు రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ నవల చిత్తుప్రతి చదివాను. పరుగు, చెమట, కళ్లెం లాగుడు అన్నీ కుదిరాయి. ఎత్తు దగ్గరే కాలు జారావు. మూడో అధ్యాయంలో "15.6 హ్యాండ్ల నల్ల గుర్రం" అన్నావు. అలాంటి గుర్రం లోకంలో లేదు.

హ్యాండ్ అంటే 4 అంగుళాలు, అంటే 10.16 సెంటీమీటర్లు. మన బెత్తెకు బొటనవేలు కూడా కలిపినట్టు అనుకో. చెయ్యి మనిషికో తీరుగా ఉంటుంది కాబట్టి ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో దాన్ని 4 అంగుళాలకు ఖాయం చేశారు. నువ్వు పెట్టిన చుక్క దశాంశం కాదు. దాని తర్వాత వచ్చేది మిగులు అంగుళాల లెక్క. 15.2 అంటే పదిహేను నాలుగులు అరవై, పైన రెండు, మొత్తం 62 అంగుళాలు. 15.3 తర్వాత వచ్చేది 16. చుక్క పక్కన 4 గానీ అంతకన్నా పెద్ద అంకె గానీ కనిపించిందంటే, గుర్రాలు తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఇక ఎక్కడిదాకా కొలుస్తారు? తలదాకా కాదు. తల ఎత్తుతుంది, దించుతుంది, దాన్ని పట్టుకుని కొలతేం చెబుతాం? మెడ ముగిసి వీపు మొదలయ్యేచోట, భుజపుటెముకల మధ్య ఒక గట్టు ఉంటుంది. దాన్ని మూపు అందాం. నేల నుంచి ఆ గట్టు శిఖరం దాకా ఉన్నదే ఎత్తు. ఒక మినహాయింపు గుర్తుంచుకో: అమెరికన్ మినియేచర్ అనే బుల్లి జాతి గుర్రాలను జూలు చివరి వెంట్రుకలు మొలిచిన చోటి దాకా కొలుస్తారు. వాటి హద్దు 34 అంగుళాలు.

కొలిచే దృశ్యం రాయాలనుకుంటే నేలతో మొదలుపెట్టు. గచ్చు గట్టిగా, సమంగా ఉండాలి. గుర్రం నాలుగు కాళ్ల మీదా బరువు సమంగా మోపాలి, ముందు గిట్టలు రెండూ ఒకే గీత మీద ఉండాలి, ముంగాళ్లు నిటారుగా నిలవాలి. కొలకర్రకు అడ్డంగా జరిగే చెయ్యి ఒకటి, దాని మీద రసమట్టం ఉంటాయి. కర్రను మూపు పక్కన నిలబెట్టి, చేతిని మెల్లగా దించి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చాక అంకె చదువుతారు. దర్జీ టేపును భుజం వంపు మీదుగా లాగితే ఎత్తు ఎక్కువే వస్తుంది.

తప్పులు జరిగేది ఎక్కువగా గుర్రం ఒంట్లోనే. మనకు భుజాన్ని ఛాతీకి కలిపే జత్రుక ఎముక ఉంటుంది, దానికి అది లేదు. ఛాతీ మొత్తం ముంగాళ్ల మధ్య కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. బెదిరితే కండరాలు బిగిసి మూపు పైకి లేస్తుంది, స్థిమితపడితే కిందికి దిగుతుంది. కాళ్లు ఎడంగా పెట్టినా ఎత్తు తగ్గుతుంది. అందుకే కొత్తచోట దింపగానే కర్ర పట్టుకోకూడదు, కాసేపు ఆగాలి. లాడాలు, పెరిగిన గిట్టలు కూడా ఎత్తు పెంచుతాయి. అంతర్జాతీయ పోటీల్లో పోనీకి, అంటే పొట్టి రకం గుర్రానికి, హద్దు లాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు, లాడాలతో 149. ఆ ఒక్క సెంటీమీటరు లాడాల కోసం వదిలిందే. హద్దు అంచున ఉన్న గుర్రం విషయంలో మోసం చేసే పాత్ర నీకు కావాలా? గిట్టలు మరీ లోతుగా చెక్కించేవాణ్ణి పెట్టు. గుర్రం కుంటుతుంది, దొంగతనం బయటపడుతుంది.

పోనీ అన్న మాట "పోనీలే" అని వదిలేసేది కాదు, దానితో జాగ్రత్త. వాడుకలో 14.2 హద్దు. కానీ ఐస్‌లాండ్ గుర్రాలు ఎక్కువగా 13, 14 హ్యాండ్ల మధ్యే ఉన్నా వాటిని పెంచేవాళ్లు గుర్రమనే అంటారు. పోలో ఆటలో 15 హ్యాండ్లు దాటినదాన్నీ పోనీ అంటారు. ఎత్తుతో పాటు జాతి, వాడుక కూడా చూడాలన్నమాట. షెట్లాండ్ పోనీ 42 అంగుళాలు దాటకూడదు. అరబ్బీ గుర్రం చాలావరకు 14.1 నుంచి 15.1 మధ్య ఉంటుంది, పందెపు థరోబ్రెడ్ 16 చుట్టూ తిరుగుతుంది. బండ్లు లాగే షైర్ పోతు 17కు పైమాటే. 1846లో ఇంగ్లండులో పుట్టిన శాంప్సన్ అనే షైర్ 21.2½ దాకా పెరిగిందని లెక్క. అంత ఎత్తు గుర్రం మరొకటి నమోదు కాలేదు. అలాంటిదాన్ని కథలోకి తేకు, ఎవరూ నమ్మరు.

నాలుగో అధ్యాయంలో రెండేళ్ల గుర్రపుపిల్ల ఎత్తును తుది ఎత్తుగా రాశావు. అప్పటికి చాలావరకు ఎదుగుతుంది, కానీ ఇంకా మిగిలి ఉంటుంది. పెద్ద జాతులైతే మరీ నిదానం. ఆ ఎత్తు పక్కన వయసు కూడా రాయి.

చివరిగా ఐదో అధ్యాయం. పన్నెండేళ్ల పిల్ల 17 హ్యాండ్ల షైర్ మీదికి నేల మీంచి ఒక్క ఎగురులో ఎక్కేసింది. 17 హ్యాండ్లంటే 68 అంగుళాలు. 5 అడుగుల 8 అంగుళాల మనిషి పక్కన నిలబడితే మూపు అతని నడినెత్తితో సమంగా ఉంటుంది. ఆ పిల్లకు ఎక్కడానికి ఒక దిమ్మె అయినా పెట్టు, లేదంటే గుర్రం మార్చి 12 హ్యాండ్ల వెల్ష్ పోనీ ఇవ్వు. అప్పుడు వెనక వచ్చే వాగు దాటే ఘట్టం కూడా తిరగరాయాలి, పొట్టిదానికి నీళ్లు పొట్టదాకా వస్తాయి.