చెరువు గట్టు మీద నడక దారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

"మా ఊరి చెరువు గట్టు మీద నడక దారి, పక్కనే చిన్న పార్కు వేసుకుందామనుకుంటున్నాం, ఏ నిధులు దొరుకుతాయి?" అని అడిగారు. కోనసీమలో ఇదే పని నెత్తినేసుకుని తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. కట్టడానికి నిధులు దొరుకుతాయండీ. కట్టాక గడ్డి కోయడానికీ మొక్కలకు నీళ్లు పోయడానికీ మాత్రం ఎవడూ ఇవ్వడు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, కానీ అవి శాశ్వత కట్టడాలకే, నిర్వహణకు కాదు. 2026 మార్చి దాకా 15వ ఆర్థిక సంఘం లెక్కన కేంద్రం పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టేశారు, మిగిలిన 40 శాతం దేనికి వాడినా జీతాలకు వాడకూడదన్నారు, అంటే తోటమాలి ఆశ వదులుకోవాల్సి వచ్చింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూలికి 60 శాతం, సామగ్రికి 40 శాతం లెక్క ఉండేది కాబట్టి గట్టుకు మట్టి వేయించుకోగలిగేవాళ్లం, మొక్కలు నాటించుకోగలిగేవాళ్లం, టైల్స్ అంటే మాత్రం లెక్క కుదరదనేవారు. ఇక విదేశాల్లో ఉన్న మన దాతలకు ఊరి మొదట్లో ఆర్చి కావాలి, దాని మీద నాన్నగారి పేరు కావాలి. ఆ ఆర్చి దాటి లోపలికొస్తే రోడ్డు పక్కన నడవడానికి జానెడు జాగా ఉండదు. ఇంకొందరు వ్యాయామం మిషన్లు పెట్టిస్తారు, రెండు వర్షాకాలాలు పోతే వాటి మీద బట్టలారేసుకోవడమే.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, చెరువు వేలం పాట డబ్బులో వాటా అడగండి. మన డెల్టాలో చేపల చెరువు వేలం వేయని పంచాయతీ ఎక్కడుంది? గట్టు మీది కొబ్బరి చెట్ల ఫలసాయం కూడా పాట పెడతారు. ఎవరి దగ్గరా చేతులు కట్టుకోనక్కర్లేని డబ్బు, పాట పెట్టినప్పుడల్లా వచ్చే డబ్బు, పైగా పంచాయతీ సొంత ఆదాయం కాబట్టి గడ్డి కోసే మనిషికి కూలీ ఇచ్చుకోవచ్చు.

చిక్కల్లా ఏమిటంటే, ఎక్కువ పాడేవాడు చేపలకు మేతగా చెరువులో చికెన్ వేస్ట్ వేస్తాడు. ఆ వాసనలో ఎవడు నడుస్తాడు? మా ఊళ్లో పాట రోజున పంచాయతీ ఆఫీసు దగ్గర జనం పోగయ్యారు. చికెన్ వేస్ట్ వేస్తే పాట రద్దు, డిపాజిట్ జప్తు అని షరతు రాయాలని మేం కొందరం పట్టుబట్టాం. పాటదారు నవ్వేసి, "తవుడూ చెక్కా రేట్లు తెలుసా మాస్టారూ? అవి పెట్టి పెంచితే మాకేం మిగులుతుంది?" అన్నాడు. సర్పంచ్ గారు మధ్యేమార్గంగా "రాత్రిపూట వెయ్యకుండా చూద్దాం లెండి" అన్నారు, పగలు వెయ్యొచ్చన్నట్టు! అప్పుడు గట్టు పక్క ఇంటి మామ్మగారు లేచి, "ఒరే అబ్బాయ్, డబ్బు పంచాయతీకీ, కంపు మాకూనా? మా వాకిట్లో ఒక్క పూట అన్నం తిని వెళ్లు, అప్పుడు పాడు పాట" అంది. జనం గొల్లుమన్నారు. షరతు రాయక తప్పింది కాదు. పాట కిందటిసారి కంటే బాగా తగ్గింది, సర్పంచ్ గారు మాతో కొన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడారు. నన్నడిగితే ఆ తగ్గిన సొమ్మే పార్కుకి ఊరు పెట్టిన అసలు పెట్టుబడి. కొబ్బరి పాట డబ్బు మొత్తం గట్టు పనికే అని ఆ తర్వాత తీర్మానం చేయించాం. కాయలు దింపే రోజు తాడు కట్టి దారి మూసేస్తారు, లేకపోతే ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

ఇలా పార్కులకని విడిగా డబ్బు తీసిపెట్టడానికి అమెరికాలో 1965 నుంచి ఒక నిధి ఉంది. సముద్రంలో చమురు, గ్యాసు తవ్వే కంపెనీలు కట్టే రాయల్టీల్లోంచి పార్కులకూ ఖాళీ జాగాలకూ డబ్బిస్తారు, 2020లో చట్టం చేసి ఏటా 90 కోట్ల డాలర్లు ఖాయం చేశారు. ఊళ్లకు అందేది గ్రాంటుగా వస్తుంది, సాధారణంగా సగం ఆ ఊళ్లే పెట్టుకోవాలి, ఆ డబ్బు పడిన జాగాను మళ్లీ ఇంకో పనికి మళ్లించాలంటే బదులు జాగా చూపించాలి. మరి మన కాళ్ల కింద గ్యాసు లేదా? 1995లో మన కోనసీమలోని పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది, ఆ వేడి మనకే తగిలింది. మనకున్నదల్లా సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సొమ్ము, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం, అది ఏ ఊరికి ఇవ్వాలో కంపెనీ బోర్డు ఇష్టం. మనం అర్జీ పట్టుకుని తిరగాలి. రాయల్టీలో ఇంత వాటా డెల్టా ఊళ్ల ఖాళీ జాగాలకని చట్టంలోనే ఉంటే ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, కానీ ఎన్నికలప్పుడు కూడా ఈ మాట ఎత్తేవాడు నాకు కనపడలేదు.

మీరు మాత్రం ముందు గ్రామ సచివాలయానికి వెళ్లి సర్వే నంబరు చూసుకోండి. అది కాలువ గట్టయితే జలవనరుల శాఖది, వాళ్ల అనుమతి లేకుండా పంచాయతీ తీర్మానంతో పని జరగదు. లేఅవుట్లు పడిన ఊరైతే వాళ్లు వదలాల్సిన 10 శాతం జాగా పంచాయతీకి రాసిచ్చారో లేదో కూడా అడగండి, చాలాచోట్ల అది కాగితం మీద పార్కు, నేల మీద గడ్డివామి. పాట షరతులు దండోరా వేయకముందే రాయించుకోండి, పాట కొట్టేశాక ఎవడూ వినడు.