కొల్లేటి వేర్లు తీసే ముందు

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

కొల్లేరు మొక్కల వేర్లలో మైకోరైజా శిలీంధ్రం (వేర్లలో కాపురముండి మొక్కకు మట్టిలోని భాస్వరం అందించే బూజు) ఉందో లేదో చూడడమే నీ పరిశోధన అని తెలిసి సంతోషించాను. కొంచెం బెంగ కూడా కలిగింది. నీ వయసులో నేను ఒక వానాకాలం మోకాలి లోతు నీళ్ళలో దిగి, చేతికందిన జమ్ము వేర్లు లావుపాటివి చూసి పీకి తెచ్చి, వాటిలో ఏమీ కనబడకపోయేసరికి ‘నీటి మొక్కల్లో ఈ శిలీంధ్రం ఉండదు’ అని నోటు పుస్తకంలో కింద గీత గీసి మరీ రాసుకున్నాను. మరికొన్నేళ్ళకు ఎండాకాలంలో అదే గట్టు వార నెర్రెలిచ్చిన మట్టిలోంచి కిక్కిస పిల్లవేర్లు తీసి చూస్తే, వేరు పైపొర కిందుండే వల్కల కణాల్లో చిట్టి పొదల్లా అల్లుకున్న ఆ శిలీంధ్రపు కొమ్మలు, అంటే ఆర్బస్కూల్స్, కనిపించాయి. అందుకే నువ్వు కనీసం రెండు కాలాలకూ వెళ్ళు. నీరు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, తీసిపోయాక ఒకసారి.

ఈ శిలీంధ్రానికి ఆక్సిజన్ కావాలి, మునిగిన బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అయితే జమ్ము, కిక్కిస వంటి మొక్కలు ఆకుల నుంచి గాలి గదులుండే వాయుగత మృదుకణజాలం గుండా గాలిని వేర్ల దాకా దింపుతాయి, అందులో కొంత వేరు చుట్టూ ఉన్న బురదలోకి కారుతుంది కూడా. నల్లటి బురదలోంచి తీసిన వేరు మీద తుప్పు రంగు పూత కనబడితే, అక్కడ ఇనుము ఆక్సిజన్‌తో కలిసిందని అర్థం. ఆ రంగును చూసిన చోటల్లా నమోదు చేసుకో. డెన్మార్క్ సరస్సుల్లో మునిగి పెరిగే లొబీలియా, లిట్టొరెల్లా వేర్లలో ఈ శిలీంధ్రం ఉందని 1977లోనే ప్రకటించారు. కాబట్టి నీరు ఉన్నంత మాత్రాన అది ఉండదనడానికి వీల్లేదు. కాకపోతే ఆ మొక్కలు పోషకాలు తక్కువగా ఉండే నీళ్ళలో పెరుగుతాయి. మన కొల్లేటిలోకి పొలాల మురుగు కాలువలూ చేపల చెరువుల నీళ్ళూ చేరుతున్నాయి. భాస్వరం సమృద్ధిగా దొరికే మొక్క శిలీంధ్రాన్ని అంతగా ఆదరించదు కనుక, వేరుతో పాటు అక్కడి మట్టిలో భాస్వరం ఎంతుందో కొలవకపోతే నీ లెక్కకు అర్థం చెప్పడం కష్టం. తుంగ కుటుంబాన్ని చాలాకాలం ఈ శిలీంధ్రం లేనిదిగా జమకట్టారు, ఆ మాట నమ్మి దాన్ని వదిలేయకు.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క మొక్కనూ ముట్టుకోకు. గూడబాతులు గూళ్ళు పెట్టే చోట్లకు అసలు పోకు.

మొక్కను లాగితే సన్నని వేర్లు బురదలోనే తెగిపోతాయి, నా తప్పు అక్కడే జరిగింది. పారతో మట్టి గడ్డతో సహా తవ్వి, ఇంటికి తెచ్చి బక్కెట్టు నీళ్ళలో నానబెట్టి నెమ్మదిగా విడదీయి. వెంటనే చూడలేకపోతే సగం నీళ్ళు, సగం ఆల్కహాలులో దాచు, చీటీ మాత్రం పెన్సిల్‌తో రాయి. ఒక సెంటీమీటరు ముక్కలు కోసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేయి. మెట్టపంట వేర్లకు పుస్తకంలో చెప్పిన సమయం వీటికి పనికిరాదు. గాలి గదులతో నిండిన నీటి మొక్కల వేర్లు అంతసేపు ఉంచితే గంజిలా విచ్చిపోతాయి. రెండు మూడు నిమిషాలకొకసారి ఒక ముక్క తీసి చూస్తూ, అది పారదర్శకం కాగానే ఆపు. తర్వాత శిలీంధ్రం కనబడేలా రంగు పట్టించాలి. అందుకు వాడే ట్రిపాన్ బ్లూ అనే రంగు ఆరోగ్యానికి మంచిది కాదు. 1998లో వచ్చిన సిరా, వెనిగర్ పద్ధతి నాకు ఇష్టం: తెల్ల వెనిగర్‌లో ఐదు శాతం సిరా కలిపి మూడు నిమిషాలు మరిగించి, కొన్ని చుక్కల వెనిగర్ వేసిన నీటిలో ఇరవై నిమిషాలు ఉంచితే అదనపు రంగు పోతుంది. అన్ని సిరాలూ పట్టవు, ముందుగా మెట్ట జొన్న వేరు మీద పరీక్షించు.

సూక్ష్మదర్శినిలో నీలం తంతువు కనబడగానే గంతులు వేయవద్దు. అడ్డుగోడలున్న గోధుమరంగు తంతువులు వేరే శిలీంధ్రాలవి, నీటి మొక్కల్లో అవి తరచూ ఎదురవుతాయి. ఆర్బస్కూల్ కనిపిస్తేనే మన శిలీంధ్రం అని ధైర్యంగా రాయి. వెసికిల్ (శిలీంధ్రం నిల్వ దాచుకునే బుడగ) మాత్రమే ఉంటే ‘వెసికిల్’ అని, తంతువు మాత్రమే ఉంటే ‘తంతువు’ అని వేర్వేరు గళ్ళలో లెక్కించు. ఒక్కో మొక్కకు కనీసం వంద చోట్ల చూడు. ఏమీ లేని చోట సున్నా వేసి, పక్కనే తేదీ, నీటి లోతు, తీసిన వేరు సన్నదో లావుదో రాయి.

నా పాత నోటు పుస్తకం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. గీత గీసిన ఆ పేజీ అందులోనే ఉంది.

మీ పెదనాన్న