వదంతి సిమ్యులేషన్‌లో ఏజెంట్లకు మరపు

ప్రశ్న: వదంతులు ఎలా పాకుతాయో చూడటానికి నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌లో వెయ్యి మంది ఏజెంట్లతో (కంప్యూటర్‌లోని ఊహా మనుషులతో) సిమ్యులేషన్ తయారుచేశాను. ఒక అడుగు అంటే ఒక గంట. విన్న మాటను ఎవరైనా పక్కవారికి చెప్పే సంభావ్యత 0.3. ఇందులో మనుషుల మరపును కూడా చేర్చాలంటే మనిషి ఆలోచనను, జ్ఞాపకాన్ని అనుకరించే ఏసీటీ-ఆర్ మోడల్ మొత్తం తగిలించాలా?

జవాబు: అక్కర్లేదు. ఏసీటీ-ఆర్‌లో ఒక్కో నియమం అమలుకు 50 మిల్లీసెకన్లు. గంటల లెక్కన నడిచే సమాజానికి అంత సూక్ష్మత బరువే. దాని జ్ఞాపక సూత్రం ఒక్కటి తీసుకోండి. ఏజెంటు ఆ మాట విన్న ప్రతిసారికీ, విని ఎన్ని గంటలైందో దాని వర్గమూలంతో 1ని భాగించండి. అన్నీ కూడి సహజ లాగరిథమ్ తీస్తే వచ్చేది ఆ మాట క్రియాశీలత, అంటే అది ఎంత సులువుగా గుర్తొస్తుందో చెప్పే కొలత.

గంట కిందట ఒకసారి, నాలుగు గంటల కిందట ఒకసారి విన్నవారికి 1 + 0.5 = 1.5, లాగరిథమ్ 0.41. వంద గంటల కిందట ఒక్కసారే విన్నవారికి 0.1, అంటే −2.3. హద్దు (గుర్తు రావడానికి క్రియాశీలత దాటాల్సిన స్థాయి) లోంచి క్రియాశీలతను తీసేసి, నాయిజ్ (యాదృచ్ఛిక ఒడిదుడుకుల) విలువతో భాగించి, ఎక్స్‌పొనెన్షియల్ తీసి, 1 కలిపి, వచ్చినదానితో 1ని భాగిస్తే గుర్తొచ్చే సంభావ్యత. హద్దు −1, నాయిజ్ 0.5 అనుకుంటే మొదటివారికి 0.94, రెండోవారికి 0.07.

గుర్తుండటం వేరు, చెప్పడం వేరు. మీ 0.3ని తీసేయకండి, గుర్తొచ్చినవారికి మాత్రమే వర్తింపజేయండి.

ఎక్కువగా దెబ్బతినేది కాలమానం దగ్గర. ఏసీటీ-ఆర్ సెకన్లలో లెక్కిస్తుంది. గంటలను సెకన్లుగా మారిస్తే ప్రతి క్రియాశీలతా 4.09 తగ్గుతుంది. హద్దునూ అంతే దించకపోతే సమాజం మొత్తం అన్నీ మరిచిపోతుంది. ఇక ఇదే అడుగులో విన్నదానికి వయసు సున్నా, భాగహారం ఆగిపోతుంది. కొత్తగా విన్నవాటిని అడుగు చివర నమోదు చేయండి. కంప్యూటర్ మెమరీ ఆదాకు ఎన్నిసార్లు విన్నారు, మొదట ఎప్పుడు విన్నారు అన్నవాటితోనే లెక్కగట్టే అడ్డదారి ఒకటుంది. అది సమాన వ్యవధుల్లో విన్నప్పుడే సరిపోతుంది. వదంతులు గుంపుగా వస్తాయి కనుక చివరి నాలుగైదు సమయాలను విడిగా దాచి, పాతవాటికే అడ్డదారి వాడండి.

ప్రశ్న: మరపు చేర్చాక వ్యాప్తి తగ్గింది. దాన్ని జ్ఞాపకం ప్రభావం అనొచ్చా?

జవాబు: ఇంకా అనలేం. గుర్తులేనివారు చెప్పరు కనుక మాట చేతులు మారే సగటు రేటే పడిపోయింది. పాత మోడల్‌లో 0.3ని ఆ కొత్త సగటుకు దించి, అదే నెట్‌వర్క్, అవే ర్యాండమ్ సీడ్‌లతో (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే విలువలతో) రెండింటినీ పదులసార్లు నడపండి. అప్పటికీ మిగిలే తేడాయే జ్ఞాపకానిది. అది మొత్తం వ్యాప్తిలో కాక, చల్లారిన వదంతి మళ్లీ రాజుకునే వేగంలో బయటపడవచ్చు. అక్కడా కొలవండి. గ్రాఫ్ కుదరలేదని వర్గమూలంలోని 0.5ని (వర్గమూలం అంటే 0.5 ఘాతం) మాత్రం కదపకండి. విడివిడి మనుషుల జ్ఞాపకశక్తిపై జరిపిన ప్రయోగాలతో సరిపోలిన విలువ అది. సమాజం డేటాకు తగ్గట్టు దాన్నీ మారిస్తే, ఆ డేటాతో పరీక్షించడానికి మోడల్‌లో ఇంకేమీ మిగలదు.