బొమ్మ చూసి పేరు పెట్టకు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పుట్టగొడుగుల బొమ్మల పుస్తకాలు రెండు తెప్పించుకున్నావనీ, వానలు మొదలైన దగ్గర్నుంచి ఆదివారాలు స్నేహితులతో సింహాచలం కొండవైపు తిరుగుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నా మాట వినదు, నువ్వైనా చెప్పన్నయ్యా" అని ఒకటే గొడవ. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. ఇన్నేళ్లు బోటనీ చెప్పాను. పూలమొక్కల వెంట పడిన పిల్లలు చాలామందే ఉన్నారు గానీ, శిలీంధ్రాల గురించి పరీక్ష కోసం తప్ప అడిగినవాళ్లు లేరు. మనింటి పిల్లే అడుగుతోందంటే గర్వంగా ఉండదా? రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ప్లాస్టిక్ కవర్ వద్దు, ఇంటికొచ్చేసరికి అన్నీ చెమ్మపట్టి ముద్దయిపోతాయి. బుట్ట తీసుకెళ్లి, ఒక్కోదాన్ని విడిగా పాత పేపర్లో చుట్టు. చాకు, స్కేలు, పెన్సిలు ఉంటే చాలు. కంబాలకొండలో మాత్రం ఏదీ కోయకు. అది అభయారణ్యం, అనుమతి లేకుండా అక్కడినుంచి ఏదీ తేకూడదు. ఫొటోలు తీసుకో.

పుట్టల దగ్గర జాగ్రత్త. చెదపుట్టల మీద మొలిచేవాటి కాడ వేరులాగా కిందికి సాగి, లోపల చెదలు పెంచుకునే శిలీంధ్రపు తోటదాకా పోతుంది. ఆ వేరు చూస్తే తప్ప అది పుట్టమీదదో కాదో తేల్చలేం కాబట్టి తవ్వాలి, నిజమే. కానీ చేత్తో కాదు. పుట్టల్లో పాములుంటాయి, వానకు బొరియలు నిండితే బయటికొస్తాయి. ముందు పొడుగు కర్రతో చుట్టూ తట్టు, షూస్ వేసుకో. చెప్పులతో వెళ్లావని తెలిస్తే ఊరుకోను.

ఇక పుస్తకాల సంగతి. ఇంటికి రాగానే పుస్తకం తెరిచి బొమ్మలతో పోల్చడం మొదలుపెట్టకు. ముందు నోట్‌బుక్ తెరు. ఎక్కడ మొలిచింది, నేల మీదా, పేడ మీదా, పుచ్చిన కట్టె మీదా? పక్కనున్న చెట్టు సరుగుడా, జీడిమామిడా? గొడుగు కింద గిల్స్, అంటే పలచటి రేకులు ఉన్నాయా, సన్నటి రంధ్రాలా? గిల్స్ కాడకి అంటుకున్నాయా, విడిగా ఉన్నాయా? కోస్తే రంగు మారుతోందా? వాసన ఎలా ఉంది? ఇవన్నీ రాశాకే పుస్తకం. నేలమీద మొలిచినదాన్ని ఎప్పుడూ పీకకు, చుట్టూ తవ్వి మొదలుతో సహా తియ్యి. అమనీటా అనే పుట్టగొడుగుల జాతిలో చాలావాటికి కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. పీకితే అది మట్టిలోనే ఉండిపోతుంది. అదేమిటో చెప్పే ముఖ్యమైన ఆధారం దాంతోనే పోతుంది.

రాత్రికి స్పోర్ ప్రింట్, అంటే గొడుగు రాల్చే సిద్ధబీజాల పొడి అచ్చు తియ్యి. కాడ కోసేసి, గిల్స్ కిందికి ఉండేలా గొడుగును కాగితం మీద పెట్టు. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉండాలి, తెల్లపొడి తెల్లకాగితం మీద కనిపించదు. ఫ్యాన్ గాలి తగలకుండా పైన గిన్నె బోర్లించు. తెల్లారేసరికి సిద్ధబీజాలు రాలి ఉంటాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్ 1821లో పుట్టగొడుగుల వర్గీకరణకి ఆ పొడి రంగునే ఆధారం చేసుకున్నాడు. ఇప్పటికీ మనకి చేతికందే గట్టి సాక్ష్యం అదే.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, మేం విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండగా పక్కింటాయనకి ఇంగ్లండులో ఉన్న కొడుకు ఓ పుస్తకం పంపాడు. ఒక్కో పుట్టగొడుగుకీ పేజీ నిండా రంగుల బొమ్మ, చూస్తుంటే ముచ్చటేసేది. ఆ ఏడు వానలకి దగ్గర్లోని ఆటస్థలం పచ్చికలో తెల్లటి పెద్ద పెద్ద గొడుగులు లేచాయి. పైన గోధుమరంగు పొలుసులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే ఉంగరం. పుస్తకంలో సరిగ్గా అలాంటిదే ఉంది, పారసోల్ అని, అక్కడివాళ్లు ఇష్టంగా తింటారని రాసి ఉంది. ఆయన చదువుకున్న మనిషి, జాగ్రత్తపరుడు. పొలుసులు చూశాడు, ఉంగరం జరిపి చూశాడు, అంతా కలిసింది. వాళ్లావిడ వేపుడు చేసింది. మూడు గంటలు తిరక్కుండా ఇద్దరికీ వాంతులు, విరేచనాలు. ఆటోలో తీసుకెళ్లి సెలైన్లు పెట్టిస్తే మూడోరోజుకి గానీ మనుషుల్లో పడలేదు.

వాళ్ల వంటింట్లో మిగిలినదాన్ని తెచ్చి నేను కాగితం మీద పెట్టాను. పొద్దున్న గిన్నె తీస్తే గీతలు గీతలుగా ఆకుపచ్చటి పొడి. అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైట్స్ అనే విషపు పుట్టగొడుగు. అసలు పారసోల్‌కైతే పొడి తెల్లగా పడాలి. ఈ పచ్చపొడిది వేడి ప్రాంతాల పచ్చికల్లో మొలిచేది. ఆయన పుస్తకం బ్రిటన్ అడవుల కోసం వేసింది, అందులో దీని ఊసే లేదు. ఉన్న బొమ్మల్లో దగ్గరగా కనబడినదాన్ని కన్ను పట్టేసుకుంది, అంతే. ఇంకో సంగతి, పారసోల్ కాడ మీద పాము చర్మంలాంటి చారలుంటాయని బొమ్మ పక్కనే రాసి ఉంది. ఆయన తెచ్చినదాని కాడ నున్నగా ఉంది. ఆ ఒక్క వాక్యం చదవలేదు. నీ పుస్తకాలు కూడా అక్కడివే కాబట్టి చెప్తున్నాను, ముందుమాటలో ఏ దేశం కోసం రాశారో చూడు. బొమ్మకన్నా పక్కనున్న వర్ణన ముందు చదువు. ఒక్క లక్షణం కలవకపోయినా పేరు పెట్టకు, "తెలియలేదు" అని రాసుకో.

వాళ్లది కడుపు కడిగేసి వదిలేసే రకం కాబట్టి బతికారు. అమనీటాల్లో కొన్ని అలా కాదు. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటినా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు పట్టుకుంటాయి, అవి తగ్గి ఒకరోజు బాగున్నట్టే ఉంటుంది. ఆ బాగున్న రోజునే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. వెండి ఉంగరం వేస్తే నల్లబడుతుందనీ, పురుగులు తిన్నది మనమూ తినొచ్చనీ ఎవరైనా చెబితే నమ్మకు, అవన్నీ అబద్ధాలే. అరకు, పాడేరు వైపు ఆడవాళ్లు ఏరుకునేవి ఏటా చూసిన చోటే, చిన్నప్పట్నుంచి తల్లుల వెంట తిరిగి నేర్చుకున్నవి. ఆ చదువు మన పుస్తకంలో లేదు. తినాలనిపిస్తే రైతుబజారులో పాల పుట్టగొడుగులు కొనుక్కో. అడవిలోది ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టనని నాకు మాటివ్వాలి.

కోప్పడుతున్నానని అనుకోకు, తల్లీ. మా పెరట్లో పుచ్చిన మొద్దు మీద మెత్తటి గోధుమరంగు చెవులు మొలిస్తే, దగ్గరికెళ్లి "మావయ్యా, దీనికి వినబడుతుందా?" అని అడిగిన పిల్లవి. అప్పటినుంచీ నువ్వు ఇటువైపు వస్తావని ఎదురుచూస్తూనే ఉన్నాను.

అందుకే మొదటి ఏడాది కట్టె మీద మొలిచేవాటితో మొదలుపెట్టు. రాలిన మామిడి కొమ్మల మీద చిన్న విసనకర్రల్లా, పైన తెల్లటి నూగుతో ఉండేవి నీకు ఎక్కడైనా దొరుకుతాయి. షైజోఫిల్లమ్ అంటారు. భూతద్దంతో అడుగు చూడు, ఒక్కో గిల్ నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండకి ఆ చీలికలు లోపలికి ముడుచుకుంటాయి. నెలల తరబడి ఎండినదాన్ని తడిపి పెట్టినా మళ్లీ విచ్చుకుంటుంది. ఓ పూట కూర్చుని ఆ విచ్చుకోవడం గియ్యి, నీ చెయ్యి మంచిది.

నీతో వచ్చేవాళ్లలో ఎవరైనా పొరపాటున తింటే, బాగానే ఉన్నారు కదా అని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన పచ్చి పుట్టగొడుగునీ, వండినదాన్నీ కాగితంలో చుట్టి వెంట పట్టుకెళ్లండి. ఎన్నింటికి తిన్నారో డాక్టరుకి కచ్చితంగా చెప్పండి. ఈ నాలుగు ముక్కలూ నీ స్నేహితులందరికీ వాట్సాప్‌లో పెట్టు, ఈ రోజే.

నాకు పంపే ఫొటోల్లో గొడుగు పైభాగం, అడుగు, మట్టితో ఉన్న మొదలు, పక్కన స్కేలు, మర్నాటి ప్రింటు ఉండాలి. పైభాగం ఒక్కటే పంపితే పేరు చెప్పను.

మీ మావయ్య